వీధి బాలుడు, బంతి, సమాజపు చూపు

2010 మార్చి నెలలో దక్షిణాఫ్రికా తూర్పు తీరాన ఉన్న డర్బన్ నగరంలో ఒక ఫుట్‌బాల్ పోటీ జరిగింది. జగత్ప్రసిద్ధమైన ఫిఫా ప్రపంచ కప్పు పోటీలు అదే దేశంలో ప్రారంభం కావడానికి అప్పటికి ఇంకా మూడు నెలల వ్యవధి ఉంది. డర్బన్ పోటీలో పాల్గొన్నవి ఎనిమిది దేశాల జట్లు: దక్షిణాఫ్రికా, బ్రెజిల్, భారతదేశం, నికరాగువా, ఫిలిప్పీన్స్, టాంజానియా, ఉక్రెయిన్, బ్రిటన్. ఆటగాళ్లందరూ కౌమార వయస్కులు. దేశాలు, భాషలు వేరైనా వారికి ఉమ్మడిగా ఉన్న అనుభవం ఒక్కటే: స్థిరమైన ఇల్లు లేకుండా బాల్యంలో కొంతకాలం గడపడం. ఆ పోటీలో టాంజానియాను ఓడించి కప్పు గెలుచుకొన్నది భారత జట్టు.

‘వీధి బాలల ప్రపంచ కప్పు’ అన్న పేరుతో జరిగిన ఆ తొలి పోటీ ఒక ప్రశ్నను ముందుకు తెచ్చింది. కాలిబాట మీద కనిపించిన బాలుణ్ణి చూసి ముఖం తిప్పుకొనే మనిషే, ఆ బాలుడు మైదానంలో బంతి వెంట పరుగెత్తుతుంటే ఆగి చూస్తాడు, చప్పట్లు కొడతాడు. బాలుడు మారలేదు. మారినది అతడు నిలబడిన చోటు, అతణ్ణి చూసే చూపు. ఆ చూపు చరిత్ర ఏమిటి, బంతి దానిని ఎంతవరకు మార్చగలిగింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది పరిశీలించదగిన విషయం.

పేర్ల వెనుక చరిత్ర

సమాజం ఒకరిని ఎలా చూస్తున్నదో తెలుసుకోవడానికి అది వారిని పిలిచే పేరును గమనిస్తే చాలు. నైరోబీ వీధులలో ఇల్లులేని పిల్లలను ‘చొకోరా’ అంటారు. చెత్తకుప్పలను కెలికి ఏరుకొనేవాడని ఆ స్వాహిలీ మాటకు అర్థం. దక్షిణాఫ్రికాలో ‘మలుందె’ అన్నారు, అంటే వీధికి చెందినవారు. ఈ పేర్లలో పిల్లవాడు ఎవరన్నది లేదు. అతడు ఎక్కడ ఉన్నాడు, ఏమి ఏరుకొంటున్నాడు అన్నది మాత్రమే ఉంది.

చట్టాల భాష కూడ ఇందుకు మినహాయింపు కాదు. మన దేశంలో ఈ విషయమై వచ్చిన తొలి శాసనాలలో 1850 నాటి అప్రెంటిసుల చట్టం ఒకటి. అనాథలను, పేద పిల్లలను ఏదో ఒక వృత్తిలో పనికి కుదిర్చి బద్ధులను చేయడం దాని ఉద్దేశం. 1876లోను, తిరిగి 1897లోను వచ్చిన సంస్కరణ పాఠశాలల చట్టాలు బాలుణ్ణి నేరస్థుడుగా భావించి, దిద్దవలసినవాడుగా చూశాయి. 1920లో మద్రాసు రాజధానిలో బాలల చట్టం వచ్చింది. నాటి కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ రాజధానిలో అంతర్భాగాలు కనుక తెలుగు ప్రాంతాలలో అధికభాగానికి బాలల విషయమై ప్రత్యేక చట్టం అప్పుడే పరిచయమయింది. బెంగాలు 1922లోను, బొంబాయి 1924లోను ఇదే మార్గాన నడిచాయి.

స్వాతంత్ర్యానంతరం దాదాపు దేశమంతటికీ వర్తించేలా వచ్చిన 1986 నాటి బాల న్యాయ చట్టం ఇల్లు వాకిలి లేని పిల్లలను ‘నిర్లక్ష్యానికి గురైన బాలలు’ అన్నది. భిక్షమెత్తుతూ కనిపించిన బాలుడు కూడ ఆ నిర్వచనంలోకే వచ్చేవాడు. 2000లో వచ్చిన చట్టం ఆ మాటను తొలగించి ‘సంరక్షణ, రక్షణ అవసరమైన బాలలు’ అన్నది. 2015 నాటి చట్టం దానినే కొనసాగించింది. మొదటి మాట పిల్లవాని స్థితిని వర్ణించి ఊరుకొంటుంది. రెండవ మాట ఎవరో ఏదో చేయవలసి ఉన్నదని గుర్తు చేస్తుంది. ఈ చిన్న తేడా రావడానికి 14 సంవత్సరాలు పట్టింది.

బ్రెజిల్‌లోనూ ఇటువంటి పరిణామమే కనిపిస్తుంది. 1979 నాటి మైనర్ల స్మృతి పేద పిల్లల బతుకును ‘క్రమవిరుద్ధ స్థితి’గా భావించింది. 1985లో ఆ దేశపు వీధి బాలబాలికల జాతీయ ఉద్యమం ఏర్పడింది. 1988 నాటి కొత్త రాజ్యాంగం, ఆపైన 1990లో వచ్చిన బాలల, కౌమారుల శాసనం పిల్లలను హక్కులు గల వ్యక్తులుగా గుర్తించాయి. 1989 నవంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో భారతదేశం 1992 డిసెంబరులో చేరింది. ఆ ఒడంబడిక ఏడవ అధికరణం పుట్టిన వెంటనే నమోదు కావడాన్ని, పన్నెండవ అధికరణం తన అభిప్రాయం చెప్పుకోవడాన్ని, ముప్పయి ఒకటవ అధికరణం ఆడుకోవడాన్ని బాలల హక్కులుగా పేర్కొన్నాయి. ఈ మూడింటికీ ఫుట్‌బాల్ మైదానంతో ఉన్న సంబంధం తరువాతి కాలంలో గాని స్పష్టం కాలేదు.

చూపు హింసగా మారినప్పుడు

చట్టం మారినంత మాత్రాన వీధి మారదు. 1990 జూన్‌లో గ్వాటెమాలా రాజధానిలో వీధిలో బతుకుతున్న ఐదుగురు యువకులు పోలీసుల చేతిలో హతులయ్యారు. వారిలో ముగ్గురు మైనర్లు. ఈ వ్యవహారంలో 1999లో అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం ఇచ్చిన తీర్పు చిరస్మరణీయం. జీవించే హక్కు అంటే చంపకుండా ఉండడం మాత్రమే కాదు, గౌరవంగా బతికేందుకు తగిన పరిస్థితులను కల్పించడం కూడ అని ఆ తీర్పు స్పష్టం చేసింది. ఆ పిల్లలను ముందుగా దైన్యంలోకి నెట్టి, ఆపైన ప్రాణాలు తీయడం ద్వారా రాజ్యం రెండు విధాల అపరాధం చేసిందని దాని సారాంశం.

1993 జూలై 23 రాత్రి రియో డి జనీరో నగరంలో కాందెలారియా చర్చి పరిసరాలలో నిద్రిస్తున్న పిల్లలపై కాల్పులు జరిగాయి. ఎనిమిది మంది బాలలు, యువకులు మరణించారు. హంతకులలో పోలీసులు ఉన్నారు. అప్పటికి బ్రెజిల్ కొత్త శాసనం వచ్చి మూడేళ్లయింది. పిల్లవాణ్ణి చెత్తగా చూడడం అలవాటైన చోట, అతణ్ణి ఊడ్చివేయడం శుభ్రతగా తోస్తుంది. కాబట్టి చూపు మారడమన్నది కేవలం మర్యాదకు సంబంధించిన విషయం కాదు, ప్రాణాలకు సంబంధించినది.

బంతి స్వభావం

ఇటువంటి చూపును మార్చే సాధనాలలో ఒకటిగా ఫుట్‌బాల్ ముందుకు రావడానికి ఆ ఆట స్వభావమే కారణం. దానికి కావలసినవి తక్కువ. చింకిగుడ్డలు చుట్టి దారంతో బిగిస్తే బంతి. రెండు రాళ్లు పెడితే గోలు. ఆఫ్రికా నగరాలలో ప్లాస్టిక్ సంచులను ఒకదానిపై ఒకటి చుట్టి, పురికొసతో అల్లి బంతులు చేసుకొంటారు. ఇల్లులేని పిల్లవాడు కూడ ఎవరినీ యాచించకుండా ఆడుకోగల ఆట అది. అంతేగాక ఒంటరిగా ఆడేందుకు వీలులేనిది. పక్కవానికి బంతి అందించాలి, పక్కవానిని నమ్మాలి.

పాదరక్షలు లేకపోవడం కూడ ఆ ఆటలో అవమానం కాలేదు. 1948 లండన్ ఒలింపిక్ క్రీడలలో ఫ్రాన్సుతో తలపడిన భారత జట్టులో ఎక్కువమంది ఒట్టి కాళ్లతో ఆడినవారే. 2–1 తేడాతో ఓడినా ఆ జట్టు ప్రేక్షకుల అభిమానాన్ని సంపాదించుకొంది. కాలిబాట మీద దారిద్ర్య చిహ్నమైన ఒట్టి పాదం మైదానంలో నైపుణ్య చిహ్నమయింది.

నైరోబీలోని మథారె మురికివాడలో 1987లో ఏర్పడిన మథారె యువజన క్రీడా సంఘం ఈ గుణాన్ని సామాజిక ప్రయోజనానికి మలచిన తొలి సంస్థలలో ముఖ్యమైనది. ఆ వాడలో చెత్త ఎత్తే నాథుడు లేడు. అక్కడ పోటీలలో పాల్గొనే జట్లు తమ పరిసరాలను శుభ్రం చేస్తే గెలుపుతో వచ్చే పాయింట్లకు తోడు అదనపు పాయింట్లు లభించే ఏర్పాటును ఆ సంఘం చేసింది. చెత్త ఏరుకొనేవారని పేరుపడిన పిల్లలే వాడను శుభ్రం చేసేవారుగా కనిపించారు. ఆ సంఘం నుండి 1994లో రూపొందిన మథారె యునైటెడ్ జట్టు 2008లో కెన్యా ప్రధాన లీగు విజేతగా నిలిచింది. మురికివాడ పేరునే దాచుకోకుండా జట్టు పేరుగా పెట్టుకోవడం ఇక్కడ గమనార్హం.

డర్బన్ నేర్పిన పాఠం

డర్బన్ నగరంతో తెలుగువారికి పాత సంబంధం ఉంది. 1860 నవంబరు 16న మద్రాసు నుండి వచ్చిన ‘ట్రూరో’ నౌకలో 342 మంది అక్కడ దిగారు. నేటాలు చెరకు తోటలలో పని చేయడానికి ఒప్పంద కూలీలుగా భారతీయుల వలస ఆ విధంగా మొదలయింది. ఆ తరువాత వచ్చినవారిలో ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారి సంతతివారు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొన్నారు. పేరుకు బదులు సంఖ్యతో గుర్తింపబడడం ఎటువంటిదో ఆ తొలి తరం ఎరుగును. ప్రతి ఒప్పంద కూలీకీ ఒక సంఖ్య ఉండేది.

అదే నగరంలో నూట యాభై సంవత్సరాల తరువాత వీధి బాలల సమస్య తీవ్రమయింది. అంతర్జాతీయ సమావేశాలు, ఉత్సవాలు జరిగే ముందు పోలీసులు పిల్లలను వాహనాలలో ఎక్కించి నగరం వెలుపలకు తరలిస్తున్నారని అక్కడ వారి మధ్య పనిచేసే ‘ఉంథోంబో’ అనే సంస్థ బహిరంగంగా ఆరోపించింది. ఉంథోంబో అంటే జులూ భాషలో నీటి ఊట. అతిథుల కంట పడకుండా పిల్లలను దాచడమే ఆ తరలింపు పరమార్థం. వీధి బాలల ప్రపంచ కప్పు ఆలోచన పుట్టినది ఇటువంటి వాతావరణంలోనే. వీధిలో కనిపిస్తే తమను వీధి పిల్లలంటారని, ఫుట్‌బాల్ ఆడుతూ కనిపిస్తే తమవంటి మనుషులే అంటారని ఒక డర్బన్ బాలుడు అన్న మాట ఆ పోటీకి ప్రేరణ అయింది. దాచవలసిన పిల్లలను దేశాల పతాకాల కింద నిలబెట్టడమే నగరానికి అది ఇచ్చిన సమాధానం.

పోటీతోపాటు పిల్లల సమావేశం కూడ జరిగింది. తమకు జరిగిన హింస, ఇల్లు, చదువు, వైద్యం గురించి వారే చర్చించి తమ కోరికలను ‘డర్బన్ ప్రకటన’గా వెలువరించారు. ఆ తరువాత నగరంలో అటువంటి తరలింపులు ఆగిపోయాయని నిర్వాహకులు చెప్పుకొన్నారు. 2011 మార్చిలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి వీధులలో పనిచేసే, నివసించే బాలల గురించి ప్రత్యేక తీర్మానం చేసింది. 2017లో బాలల హక్కుల సంఘం తన 21వ సాధారణ వ్యాఖ్యానాన్ని ఆ బాలలకే కేటాయించింది. ఇదంతా ఒక్క పోటీ ఫలితమని చెప్పడం అతిశయోక్తి. పిల్లల కంఠస్వరం అంతర్జాతీయ వేదికలకు చేరే మార్గాలలో అదొకటి అనడం సమంజసం.

భారత విజయాన్ని కూడ ఈ నేపథ్యంలోనే చూడాలి. అదే 2010 అక్టోబరులో ఢిల్లీ నగరం కామన్‌వెల్త్ క్రీడలకు ఆతిథ్యమిచ్చింది. ఆ క్రీడల ముందు కాలంలో రాజధాని వీధులలో భిక్షమెత్తేవారిని పట్టుకొని విచారించడానికి సంచార న్యాయస్థానాలు పనిచేశాయి. అందుకు ఆధారం బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం, 1959. ఆ చట్టం ఢిల్లీకి వర్తించే విషయంలో, భిక్షాటనను నేరంగా పరిగణించే నిబంధనలను ఢిల్లీ ఉన్నత న్యాయస్థానం 2018 ఆగస్టులో కొట్టివేసింది. ఒకే సంవత్సరంలో ఒకే దేశం వీధిలోని మనిషిని రెండు విధాల చూసింది: విదేశంలో విజేతగా, స్వదేశంలో తొలగించవలసినవాడుగా.

పోటీ విస్తరించిన తీరు

రెండవ పోటీ 2014 మార్చి, ఏప్రిల్ నెలలలో రియో డి జనీరోలో జరిగింది. పందొమ్మిది దేశాల నుండి పిల్లలు వచ్చారు. కాందెలారియా హత్యలు జరిగిన నగరమే వారికి ఆతిథ్యం ఇవ్వడం చరిత్రలోని ఒక మలుపు. అయితే పోటీకి కొన్ని వారాల ముందు బ్రెజిల్ జట్టులో ఆడవలసిన ఒక బాలుడు తన పద్నాలుగవ పుట్టినరోజున కాల్పులకు బలయ్యాడు. చప్పట్లు మైదానానికే పరిమితమైతే ఏమి జరుగుతుందో ఆ మరణం చెబుతుంది.

రియోలో బాలుర విభాగంలో టాంజానియా గెలిచింది. మూడవ స్థానం పొందిన పాకిస్తాన్ జట్టుకు కరాచీలో ఘన స్వాగతం లభించింది. 2018 మేలో మాస్కోలో ఉజ్బెకిస్తాన్ చేతిలోను, 2022 అక్టోబరులో దోహాలో ఈజిప్టు చేతిలోను ఓడి పాకిస్తాన్ బాలురు రెండుసార్లు ద్వితీయ స్థానంలో నిలిచారు. క్రికెట్ తప్ప మరో ఆటను పెద్దగా పట్టించుకోని ఉపఖండంలో, వీధి నుండి వచ్చిన పిల్లలు ఫుట్‌బాల్‌తో దేశాల దృష్టిని ఆకర్షించడం విశేషమే. అదే నిర్వాహకులు 2019లో లండన్‌లో నిర్వహించిన క్రికెట్ పోటీ అంతిమ ఆట లార్డ్స్ మైదానంలో జరిగింది. అందులో దక్షిణ భారత జట్టు ఇంగ్లండ్‌ను ఓడించింది.

బాలికల విభాగం ప్రత్యేకంగా పేర్కొనదగినది. రియో, మాస్కో, దోహా పోటీలలో మూడింటా బ్రెజిల్ బాలికలే గెలిచారు. వీధిలో బాలుడు కంటికి కనిపిస్తాడు, కనిపించి తిట్లు తింటాడు. బాలిక చాలావరకు కనిపించదు. ఇళ్లలో పనిమనిషిగానో, మనుషులను అమ్మేవారి చేతిలోనో ఉండిపోతుంది. కనిపించకుండా ఉండడమే ఆమెకు రక్షణ అనుకొనే స్థితి. అటువంటి బాలిక పట్టపగలు, అందరూ చూస్తుండగా, మైదానంలో గట్టిగా అరుస్తూ బంతిని అడగడం బాలుని విషయంలో కంటె పెద్ద మార్పు.

ఆటకు ముందు పత్రం

ఈ పోటీలలో ప్రేక్షకులకు కనిపించని ఘట్టం ఒకటి ఉంది. వేరొక దేశానికి వెళ్లాలంటే ఆటగానికి పాస్‌పోర్టు ఉండాలి. పాస్‌పోర్టుకు పుట్టిన తేదీ, చిరునామా, సంరక్షకుని సంతకం కావాలి. తల్లిదండ్రులెవరో తెలియని, పుట్టిన ఊరు గుర్తులేని, ప్లాట్‌ఫారమే చిరునామా అయిన పిల్లలకు ఇవి ఎక్కడివి? జననమరణాల నమోదు చట్టం మన దేశంలో 1969లోనే వచ్చింది. అయినా వీధి బాలలలో ఎందరో ఆ పుస్తకాలకు ఎక్కనివారే. ఆటగాణ్ణి విమానం ఎక్కించాలంటే ముందు ఒక కార్యాలయంలో ఒక అధికారి అతని పేరు రాయాలి, వయస్సు నిర్ధారించాలి, అతనికి సంరక్షకులెవరో తేల్చాలి. అంటే ఆట మొదలు కాకముందే రాజ్యం ఆ బాలుణ్ణి వ్యక్తిగా గుర్తించవలసి వస్తుంది.

కప్పు కంటె ఈ పత్రం విలువైనదని చెప్పవచ్చు. కప్పు జట్టుకు చెందుతుంది. పత్రం బాలునికి చెందుతుంది. బడిలో చేరడానికి, ఆస్పత్రిలో చికిత్సకు, బ్యాంకులో ఖాతాకు, రేపు ఉద్యోగానికి అది అక్కరకు వస్తుంది. చట్టబద్ధమైన గుర్తింపు అన్న కోరిక ఈ పిల్లల సమావేశాలలో మళ్లీ మళ్లీ వినిపించడానికి కారణం ఇదే. సమాజపు చూపు మారిందనడానికి చప్పట్లు సూచన మాత్రమే. రికార్డులో పేరు నిదర్శనం.

హద్దులు

ఈ ప్రయత్నానికి హద్దులు లేకపోలేదు. ఒక్కొక్క దేశం నుండి వెళ్లేది కొద్దిమందే. మిగిలిన లక్షల మంది వీధులలోనే ఉంటారు. అంతకంటె సూక్ష్మమైన ప్రమాదం మరొకటి ఉంది. ఆడి గెలిచినందుకు గౌరవిస్తే, ఆడలేనివాని మాటేమిటి? కాలు విరిగినవాడు, మత్తుకు బానిసైనవాడు, బంతి అంటే ఆసక్తి లేనివాడు కూడ పిల్లలే. ప్రతిభ చూపితేనే మనిషిగా గుర్తిస్తామనడం పాత చూపుకు కొత్త ముసుగు. కెమెరాల ముందు పిల్లల దుఃఖగాథలు పదేపదే చెప్పించడం కూడ గౌరవం కిందికి రాదు. పోటీ ముగిసి రంగు చొక్కా విప్పిన తరువాత అతడు తిరిగి వెళ్లే చోటు ఏదన్నదే అసలు పరీక్ష.

కనుక ఫుట్‌బాల్ సమస్యకు పరిష్కారం కాదు. అది ఒక క్షణం పాటు చూపును నిలిపే సాధనం. ఆ నిలిచిన క్షణంలో చట్టం, బడి, ఆశ్రయం, పత్రం చోటు చేసుకోవాలి. చోటు చేసుకొన్నచోట ఆట చరిత్రలో నిలిచింది. చేసుకోనిచోట వార్తగా వచ్చి పోయింది.

మన దేశంలో ఇల్లు వదలిన పిల్లలలో ఎందరికో మొదటి మజిలీ రైల్వే స్టేషనే. విజయవాడ వంటి పెద్ద కూడళ్లలో ఏ రైలు నుండి ఏ పిల్లవాడు దిగుతాడో చెప్పలేము. రైళ్లలో, స్టేషన్లలో కనిపించే పిల్లల విషయంలో అధికారులు ఎలా వ్యవహరించాలో తెలిపే విధివిధానాలను రైల్వే శాఖ 2015లో రూపొందించింది. కాగితం మీద ఉన్నది మంచిదే. దిగిన పిల్లవానికి ఎదురయ్యే మొదటి మనిషి అతణ్ణి భుజం పట్టి గదమాయిస్తాడా, పేరు అడుగుతాడా అన్నదానిపై తరువాతి కథ అంతా ఆధారపడుతుంది. డర్బన్ మైదానంలో ప్రేక్షకులు నేర్చుకొన్నది ఆ పేరు అడగడమే. దానికి బంతి అవసరం లేదు.